గోల్ఫ్‌లో చిన్న పట్‌ల భయం తగ్గించిన ర్యాంపు: పుటౌట్ మ్యాట్‌తో ఎనిమిది నెలలు

ఇంట్లో పట్‌ల ప్రాక్టీసుకి వాడుతున్న పుటౌట్ మ్యాట్, ర్యాంపుల గురించి చెప్పే ముందు నా గోల్ఫ్ ఆట సంగతి చెప్తాను. రివ్యూ రాసినవాడు ఏ స్థాయిలో ఆడతాడో తెలిస్తేనే ఆ మాట మీకు ఎంతవరకు పనికొస్తుందో తేలుతుంది. ఇవి చేతికొచ్చేనాటికి నా హ్యాండిక్యాప్ 20 (ఆటగాడి స్థాయి చెప్పే అంకె, ఎంత తక్కువైతే అంత మంచి ఆట). ఆరేళ్లుగా హైదరాబాద్‌లో ఆడుతున్నాను, ఎక్కువగా గోల్కొండ కోట దగ్గర నయా ఖిలా కోర్సులో. దూరం కొట్టే డ్రైవర్ కర్రతో బాగానే వెళ్తుంది, మధ్య దూరాల ఐరన్ కర్రలతో ఫర్వాలేదు. గ్రీన్ మీదకి, అంటే హోల్ చుట్టూ గడ్డి నున్నగా కోసిన చోటికి వచ్చి, బంతిని హోల్లోకి దొర్లించే పటర్ చేతిలోకి తీసుకున్నాకే మొత్తం మారిపోయేది. పటర్‌తో కొట్టే దెబ్బే పట్. ముప్పై అడుగుల పట్‌కి ఏ ఇబ్బందీ లేదు, పడుతుందని ఎవరూ అనుకోరు కాబట్టి హాయిగా కొట్టేవాణ్ణి. మూడడుగులు, నాలుగడుగులు మిగిలితేనే టెన్షన్. వేళ్లు బిగుసుకుపోయేవి, బంతిని తాకకముందే కళ్లు హోల్ వైపు పరిగెత్తేవి.

పోయిన దసరా ముందు నలుగురం రెండు జట్లుగా ఒక మ్యాచ్ ఆడాం. చివరి హోల్లో రెండున్నర అడుగుల పట్ వేస్తే గెలుస్తాం. బంతి కప్పు అంచు తాకి బయటికి తిరిగింది, తిరుగు పట్ కూడా పోయింది. నా జోడీగా ఆడినాయన ఏమీ అనలేదు, భుజం మీద చెయ్యి వేసి టీ తాగుదాం పదండి అన్నాడు. ఆ మంచితనమే నాకు ఎక్కువ గుచ్చుకుంది. ఇంటికి వచ్చేదాకా కారులో రేడియో కూడా పెట్టలేదు. ఆ రాత్రే కూర్చుని పాత స్కోరుకార్డులు తీశాను. రౌండుకి 38, 39, 40 పట్‌లు. అంటే నేను కొట్టే మొత్తం దెబ్బల్లో దాదాపు నలభై శాతం పటర్‌తోనే కొడుతున్నాను, కానీ ప్రాక్టీసు మొత్తం డ్రైవింగ్ రేంజిలో డ్రైవర్‌తో. దీనికి ఏదో ఒకటి చెయ్యాలి అనుకున్నది అప్పుడే.

అలాగని వెంటనే ఏదో ఒకటి కొనకండి, ఆ తప్పు నేను చేశాను. ఆన్‌లైన్‌లో చవగ్గా కనిపించిన ఒక మ్యాట్ తెప్పించాను, బ్రాండు పేరు ఇక్కడ అనవసరం. చివర చిన్న ఎత్తు, ఆ ఎత్తు మీద కప్పు, లోపల పడ్డ బంతి గాడిలోంచి దొర్లుకుంటూ వెనక్కి వస్తుంది. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. వారం తిరగకముందే రెండు అంచులూ అప్పడంలా పైకి లేచాయి. అది కూడా సర్దుకోవచ్చు, బరువు పెడితే దిగుతుంది. అసలు చిక్కు ఆ ఎత్తు దగ్గర. బంతి పైకెక్కాలంటే ప్రతిసారీ కాస్త గట్టిగా కొట్టాలి. నెల రోజులు అలా కొట్టి కొట్టి చేతికి అదే వేగం అలవాటైంది, ఆ తర్వాత కోర్సుకి వెళ్తే ప్రతి పట్ హోల్ దాటి నాలుగడుగులు అవతల ఆగేది. ఉన్న జబ్బుకి మందు కొనబోయి ఇంకో జబ్బు తెచ్చుకున్నట్టయింది.

అప్పుడు ఇంగ్లండ్‌లో ఉండే మా తమ్ముడు సంక్రాంతికి వస్తూ పుటౌట్ వాళ్ల మ్యాట్, దానితో పాటు ర్యాంపు తెచ్చిపెట్టాడు. ఆ కంపెనీది బ్రిటనే. మ్యాట్ పొడవు 2.4 మీటర్లు, అంటే ఎనిమిది అడుగులకి కొంచెం తక్కువ, వెడల్పు 50 సెంటీమీటర్లు. కింద రబ్బరు, పైన గుడ్డలాంటి దట్టమైన నేత, దాని మీద నడిమి గీత, దూరం గుర్తులు, పటర్ మొహం, అంటే బంతిని తాకే వైపు, సరిగ్గా పెట్టుకోవడానికి అడ్డగీతలు ఉన్నాయి. చుట్టి సంచిలో పెట్టుకోవచ్చు. పరిచిన పది నిమిషాల్లో మా హాల్లో టైల్స్‌కి అతుక్కున్నట్టు పడుకుంది, ఎనిమిది నెలలైనా అంచు లేవలేదు. పాత మ్యాట్‌తో పడ్డాక ఇది నాకు చిన్న విషయం కాదు.

గ్రీన్ వేగం కొలిచే పద్ధతి చాలామందికి తెలియదు కాబట్టి కొంచెం చెప్తాను. స్టింప్‌మీటర్ అని 36 అంగుళాల పట్టీ ఒకటి ఉంటుంది, దాని మీద ఒక గాడిలో బంతి పెట్టి పట్టీని నెమ్మదిగా పైకెత్తితే ఒక వాలు దగ్గర బంతి తనంతట తనే జారుతుంది, సమతలంగా ఉన్న గ్రీన్ మీద అది ఎన్ని అడుగులు దొర్లిందో అదే ఆ గ్రీన్ వేగం. 1935లో ఎడ్వర్డ్ స్టింప్సన్ ఆలోచించిన పరికరం ఇది. పుటౌట్ మ్యాట్ వేగం 10 అని కంపెనీ చెప్తుంది. మ్యాట్ ఎనిమిది అడుగులు కూడా లేదు కాబట్టి ఇంట్లో పట్టీ పెట్టి సరిచూసుకునే వీల్లేదు, నా చేతికి తెలిసినంతవరకు మాత్రం మా కోర్సు గ్రీన్లు చలికాలంలో బాగా కోసినప్పుడు ఎలా ఉంటాయో ఇది దాదాపు అలాగే ఉంది. వానాకాలంలో గ్రీన్లు తడిసి బరువెక్కుతాయి, అప్పుడు కోర్సులో మొదటి రెండు మూడు హోల్స్ పట్‌లన్నీ పొట్టిగా ఆగిపోయేవి. అందుకే జూలై నుంచి రౌండుకి ముందు పావుగంట ప్రాక్టీసు గ్రీన్ మీద తప్పనిసరిగా గడుపుతున్నాను.

మ్యాట్ మంచిదే, కానీ నా భయం తగ్గించింది మాత్రం ర్యాంపు. ఇది చేట వాలులా వంపు తిరిగి ఉండే చిన్న ప్లాస్టిక్ వస్తువు, అరచేతిలో పట్టేంత. మ్యాట్ చివర పెడతాం. గురి సరిగ్గా ఉంటే బంతి ఆ వంపు ఎక్కి తిరిగి మన వైపు వస్తుంది, పక్కకి పోతే జారి పడిపోతుంది. ఇందులో తెలివంతా తిరిగి రావడంలోనే ఉంది. నిజం హోల్ అక్కడ ఉండి, అది పడకపోయుంటే బంతి ఎంత దూరం అవతలికి పోయేదో అంత దూరమే వెనక్కి వస్తుంది. గట్టిగా కొట్టి నాలుగడుగులు వెనక్కి వచ్చిందంటే, కోర్సులో నాకు నాలుగడుగుల తిరుగు పట్ మిగిలేదన్నమాట. అడుగున్నర వెనక్కి వస్తే వేగం చక్కగా ఉన్నట్టు. వంపు మధ్యలో బంతి ఆగేంత చిన్న కన్నం కూడా ఉంది, గురీ వేగమూ రెండూ అచ్చంగా కుదిరితేనే బంతి అందులో నిలబడుతుంది. మొదటి నెలలో అలా నిలబడ్డ బంతులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

వేగం గురించి నేను ఇంత సాగదీయడానికి కారణం ఉంది. హోల్ వ్యాసం 4.25 అంగుళాలు, 1891 నుంచి అదే కొలత. కానీ ఆ నాలుగుంబావు అంగుళాలూ నెమ్మదిగా వచ్చే బంతికే దొరుకుతాయి. వేగంగా వచ్చే బంతి అంచు తాకితే తిరిగి బయటికి పోతుంది, నడిమధ్య తగిలితేనే పడుతుంది, అంటే గట్టిగా కొట్టిన కొద్దీ హోల్ చిన్నదవుతున్నట్టే. నాసాలో పనిచేసి తర్వాత గోల్ఫ్ కోచ్‌గా మారిన డేవ్ పెల్జ్ బోలెడన్ని పట్‌లు పరీక్షించి, పడకపోతే హోల్ దాటి 17 అంగుళాల అవతల ఆగే వేగం మంచిదని చెప్పాడు. ర్యాంపు నుంచి అడుగున్నర వెనక్కి రావాలని నేను పెట్టుకున్న లెక్క అక్కడిదే. దసరా ముందు నేను పోగొట్టుకున్న ఆ రెండున్నర అడుగుల పట్ గురి తప్పలేదు, ఇప్పుడు తెలుస్తోంది, వేగం ఎక్కువై అంచు నుంచి తిరిగింది. భయంతో పొడిచినట్టు కొట్టాను.

ఇక గురి. ఎనిమిది అడుగుల దూరం నుంచి హోల్ నడిమి నుంచి అంచుకి ఉన్న ఆ రెండంగుళాల చిల్లర లెక్క కడితే ఒకటింబావు డిగ్రీ వస్తుంది. నాలుగడుగుల నుంచి రెండున్నర డిగ్రీలు. బంతి ఏ దిక్కున బయలుదేరుతుందో చాలా వరకు పటర్ మొహమే నిర్ణయిస్తుంది, చేతుల ఊపు దారి వంతు తక్కువ. ఇది తెలిశాక చేతులు తిన్నగా ఊగుతున్నాయా లేదా అని నన్ను నేను పీడించుకోవడం మానేశాను. బంతికి అడుగున్నర ముందు మ్యాట్ మీద రెండు పది రూపాయల నాణేల దొంతరలు, మధ్యలో బంతికి రెండు పక్కలా వేలి మందమంత సందు వదిలి పెట్టాను. బంతి ఆ వాకిట్లోంచి పోతే మొహం సరిగ్గా ఉన్నట్టు, నాణేలు చెల్లాచెదురైతే లేనట్టు. టైగర్ వుడ్స్ పటర్ తలకి రెండు వైపులా టీలు (మొదటి దెబ్బకి బంతిని నిలబెట్టే చిన్న పుల్లలు) గుచ్చి, వాటిని తాకకుండా కొట్టడం చాలామంది చూసే ఉంటారు. మన దగ్గర కూడా గోల్కొండ మాస్టర్స్ టోర్నీ జరిగేటప్పుడు పొద్దున్నే వెళ్లి ప్రాక్టీసు గ్రీన్ పక్కన నిలబడండి, ప్రొఫెషనల్స్ టీలతో, దారాలతో ఇలాంటివే చేస్తూ కనిపిస్తారు. వాళ్లకి అవసరమైంది మనకి అక్కర్లేదని ఎందుకనుకుంటామో నాకు అర్థం కాదు.

నేను చేసే ప్రాక్టీసు రాత్రి భోజనం తర్వాత పావుగంట, అంతే. బంతి ఒక్కటే వాడతాను. మూడు బంతులు వరసగా పెట్టుకుంటే మొదటిది పోయినా రెండోది సరిచేసుకోవచ్చు అనిపిస్తుంది, కోర్సులో ఆ వీలుండదు. ప్రతిసారీ వెనక్కి వెళ్లి, గీత చూసుకుని, ఒక్కసారి ఊపి, కొడతాను. నాలుగడుగుల గుర్తు దగ్గర నుంచి వరసగా పదిసార్లు బంతి ర్యాంపు ఎక్కి తిరిగి రావాలి, తొమ్మిదిసార్లు వచ్చి పదోసారి పక్కకి పోతే మళ్లీ ఒకటి నుంచి మొదలు. ఏడో ఎనిమిదో దాటాక గుండె కొట్టుకోవడం నాకే వినిపిస్తుంది, మ్యాచ్‌లో వచ్చే ఆ టెన్షన్‌కి తమ్ముడు లాంటిది మా హాల్లోనే దొరికింది. మా పాపకి పదకొండేళ్లు, బంతి తిరిగి వస్తుందని దానికి ఈ ర్యాంపంటే ఇష్టం, నాతో పందెం కాస్తుంది. "నాన్నా, ఓడిపోయినవాళ్లు రేపు పొద్దున మొక్కలకి నీళ్లు పొయ్యాలి" అంటుంది. ఆ పందెం నిజంగానే పనిచేసింది, ఎదురుగా ఒక మనిషి చూస్తూ ఉండగా కొట్టడం అలవాటైంది. ఒక్క జాగ్రత్త చెప్పాలి, అపార్ట్‌మెంట్‌లో ఉంటే ర్యాంపు వెనక తువ్వాలో దుప్పటో మడిచి పెట్టండి, పక్కకి జారిన బంతి టైల్స్ మీద టకటకమంటూ పోతే రాత్రి పదింటికి కింది ఫ్లాటు వాళ్లు ఊరుకోరు.

ధైర్యం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే నాకు కావలసింది అసలు అదే. నన్ను ముందుగా కుదుటపరిచినవి కొన్ని అంకెలు. అమెరికాలోని పెద్ద ప్రొఫెషనల్ పోటీల వరస పీజీఏ టూర్‌లో ఆడేవాళ్లు ఎనిమిది అడుగుల నుంచి సగం పట్‌లే వేస్తారు. ఇరవై అడుగుల నుంచి నూటికి పదిహేను. మూడడుగుల లోపల మాత్రం దాదాపు అన్నీ. అంటే పదడుగుల పట్ పోయిందని నేను తల పట్టుకోవడంలో అర్థం లేదు, నా శ్రద్ధంతా అయిదడుగుల లోపల పెట్టాలి. ఆ లోపల కూడా పోవని కాదు. 2012లో దక్షిణ కొరియా అమ్మాయి ఐ కే కిమ్ ఒక మేజర్ టోర్నీ చివరి హోల్లో అడుగు పైచిలుకు పట్ పోగొట్టుకుంది, అది పడుంటే గెలిచేది, ప్లేఆఫ్‌లో ఓడిపోయింది. 2017లో అదే కిమ్ మహిళల బ్రిటిష్ ఓపెన్ గెలిచింది. ఆ అయిదేళ్లలో ఆమె ఎన్ని చిన్న పట్‌లు కొట్టి ఉంటుందో అనుకుంటే నా రెండున్నర అడుగుల గొడవ ఎంతో తేలికైంది.

మన గోల్ఫర్ అదితి అశోక్‌ని కూడా తల్చుకోవాలి. 2021 ఆగస్టులో టోక్యో ఒలింపిక్స్ చివరి రౌండు శనివారం పొద్దున, గోల్ఫ్ అంటే ఏమిటో తెలియని మా ఆవిడ కూడా టీవీ ముందు కూర్చుంది. అదితి డ్రైవ్‌లు మిగతా వాళ్లకంటే ఎంతో వెనక పడుతుండేవి, అయినా చివరి హోల్ దాకా పతకం పోటీలో నిలబడింది, ఒక్క దెబ్బ తేడాతో కాంస్యం పోయి నాలుగో స్థానం వచ్చింది. ఆమెని అంతదాకా నిలబెట్టింది పటర్. బలం లేకపోయినా, వయసు పైబడినా, ఈ ఆటలో మనం ఇంకా బాగుపడగలిగే చోటు ఇదేనని నాకు గట్టిగా నాటుకుంది ఆ పొద్దునే, ఆచరణలో పెట్టడానికే ఇన్నేళ్లు పట్టింది.

ఇప్పుడు ఈ మ్యాట్ నేర్పలేనివి చెప్తాను, ఎందుకంటే అవి తెలియకుండా కొంటే నిరాశ పడతారు. మ్యాట్ తిన్నగా ఉంటుంది, గ్రీన్ ఉండదు. గ్రీన్ మీద వాలు ఉంటుంది, మనలాంటి వేడి ప్రాంతాల్లో వేసే బెర్ముడా గడ్డికి ఒక మొగ్గు ఉంటుంది, గడ్డి మొగ్గిన వైపు కొడితే బంతి జారుతున్నట్టు పోతుంది, ఎదురు కొడితే పట్టుకుంటుంది. ఇవేవీ హాల్లో తెలియవు. అంతకంటే పెద్ద లోటు దూరం. ఎనిమిది అడుగుల మ్యాట్ మీద నలభై అడుగుల పట్ ఎలా నేర్చుకుంటాం? నా త్రీ పట్‌లలో, అంటే ఒకే గ్రీన్ మీద మూడు పట్‌లు పట్టినవాటిలో, ఎక్కువ భాగం మొదటి పట్ ఆరేడు అడుగుల పొట్టిగా వదిలినవే, అక్కడ రెండో పట్ పోవడం వింత కాదు, ఆ దూరంలో ప్రొఫెషనల్స్‌కే పోతాయి.

ఈ సంగతి నాకు ఒక పెద్దాయన చెప్పాడు, ముప్పై ఏళ్లకి పైగా క్యాడీగా, అంటే ఆటగాళ్ల బ్యాగు మోస్తూ సలహా ఇచ్చేవాడిగా ఉన్నవాడు. ఏప్రిల్‌లో ఒక రోజు చిన్న పట్‌లు వరసగా వేసి సంతోషంగా ఆయన వైపు చూస్తే, "సార్, దగ్గరవి బాగున్నాయి ఇప్పుడు. దూరం నుంచి దగ్గరికి తేవడం లేదు మీరు" అన్నాడు. మరి ఏం చెయ్యమంటావన్నా అని అడిగాను. "హోల్ చూడకండి సార్. ఇరవై, ముప్పై, నలభై అడుగుల్లో టీలు గుచ్చండి, బంతి టీ దాటాలి, పటర్ పొడవంత లోపల ఆగాలి. బంతి పోవాల్సిన లైన్ నేను చెప్తా, హోల్‌కి ఒక కప్పు వెడల్పంత ఎడమ, రెండు కప్పులు కుడి, అది నా పని. వేగం మీ చేతిలోనే ఉండాలి." అప్పటి నుంచి వారానికి ఒకసారి ప్రాక్టీసు గ్రీన్ మీద అదే చేస్తున్నాను, ఇంట్లో చిన్నవి, అక్కడ పెద్దవి. మ్యాట్ కొన్నాం కదా అని గ్రీన్‌కి వెళ్లడం మానేస్తే మాత్రం డబ్బులు దండగ.

ఆయనే ఇంకొక మాట కూడా అన్నాడు. కొట్టాక బంతి పడిన చప్పుడు చెవితో వినండి, కళ్లతో చూడకండి అని. దానికి నేను ఇంట్లో వారం రోజులు ప్రయత్నించాను. బంతి ఉన్న చోటే చూపు నిలిపి, ర్యాంపు ఎక్కి దిగిన చప్పుడు విన్నాకే తల ఎత్తాలి. ఇంత చిన్న మార్పుకి ఇంత ఫలితం ఉంటుందని అనుకోలేదు, నాణేల వాకిలి కూలడం సగానికి సగం తగ్గింది. తల ముందే లేస్తే భుజం తెరుచుకుంటుంది, భుజంతో పాటు పటర్ మొహం కూడా. చిన్న పట్‌లు నాకు ఎప్పుడూ కుడికి పోవడానికి కారణం అదేనని అప్పుడు తెలిసింది.

ఫలితం సంగతికి వస్తే, ఈ ఎనిమిది నెలల్లో నా పట్‌లు రౌండుకి 34, 35కి వచ్చాయి, ఒక రోజు 32 కూడా కొట్టాను. హ్యాండిక్యాప్ 20 నుంచి 17కి దిగింది. ఇందులో ర్యాంపు వాటా ఎంత, ఆ పెద్దాయన వాటా ఎంత అంటే విడదీయలేను. కానీ ఒక తేడా మాత్రం కచ్చితంగా ర్యాంపుదే: ఇప్పుడు మూడడుగుల పట్ ముందు నిలబడితే పడకపోతే ఏమవుతుందన్న ఆలోచన రావడం లేదు, అడుగున్నర వెనక్కి వచ్చే వేగం చేతికి గుర్తొస్తోంది. మనసుకి పట్టుకోవడానికి ఒక పని దొరికింది, భయానికి చోటు తగ్గింది. పోయిన నెల అదే నలుగురం మళ్లీ ఆడాం, పదిహేడో హోల్లో నాలుగడుగుల పట్ నాకు వచ్చింది, వేశాను, అక్కడే గెలిచాం. పద్దెనిమిదో హోల్ దాకా మ్యాచ్ వెళ్లలేదు.

చిన్న చిన్న లోపాలు ఉన్నాయి. ఇంట్లో ఏసీ గాలికి, ఫ్యాను దుమ్ముకి మ్యాట్ మీద సన్నని దుమ్ము చేరుతుంది, తుడవకపోతే వేగం తేడా వస్తుంది, నేను వారానికోసారి తడిగుడ్డతో ఒకే దిక్కున తుడుస్తాను. టైల్స్ మధ్య సందు ఎత్తుపల్లాలుగా ఉంటే బంతి అక్కడ చిన్నగా ఒరుగుతుంది, మీ ఇంట్లో ఏ మూల సమంగా ఉందో ముందు ఒక గోళీ దొర్లించి చూసుకోండి. ర్యాంపులోని ఆ చిన్న కన్నం వెంట మాత్రం పడొద్దు. మొదట్లో నేను అదే లక్ష్యంగా పెట్టుకుని పడనప్పుడల్లా చిరాకు పడేవాణ్ణి, దాన్ని పట్టించుకోకుండా వెనక్కి వచ్చే దూరం చూసుకోవడం మొదలుపెట్టాకే ఆట కుదురుకుంది. హోల్ నాలుగుంబావు అంగుళాలు ఉన్నప్పుడు కన్నంలో నిలబడలేదని బాధపడటంలో అర్థం లేదు.

కొత్తగా ఆట మొదలుపెట్టినవాళ్లయితే ఇప్పుడే ఏమీ కొనకండి, ముందు ప్రాక్టీసు గ్రీన్ మీద ఉచితంగా దొరికేది వాడుకోండి. 15 నుంచి 25 హ్యాండిక్యాప్ ఉండి, చిన్న పట్‌లు వణికిస్తుంటే రెండూ తీసుకోవచ్చు. రెండూ భారమనిపిస్తే మ్యాట్ వదిలేసి ర్యాంపు ఒక్కటే తీసుకోండి, బొచ్చు తక్కువున్న పాత కార్పెట్ ముక్క మీద పెట్టినా అది చెప్పాల్సింది చెప్తుంది.